అప్పులేని ఇంటి ఆకుకూర



మహాభారతమున అరణ్యపర్వము తుదిభాగమునందు ఒక కొలను గట్టున జరిగిన సంభాషణము కలదు. పాండవుల పండ్రెండేండ్ల వనవాసము ముగియవచ్చినది. నీటికై వెళ్ళిన నకులుడు తిరిగి రాలేదు. అతనిని వెదకబోయిన సహదేవుడు రాలేదు. అర్జునుడు రాలేదు. భీముడును రాలేదు. కడపట ధర్మరాజు తానే వెళ్ళి చూడగా నలుగురు తమ్ములును కొలని యొడ్డున ప్రాణములు లేక పడియుండిరి. ఆ నీటిని కాచుచున్న యక్షుడు, తన ప్రశ్నలకు సమాధానము చెప్పిన పిదపనే నీరు త్రాగవలెనని ఆయనను అడ్డగించెను.

ఆ ప్రశ్నలలో ఒకటి, లోకమున నిజముగా సంతోషముతో నుండువాడెవడు అనునది. సమాధానము చెప్పవలసినవాడు సామాన్యుడు కాడు. రాజసూయము చేసిన చక్రవర్తి. మయసభలో కొలువు తీరినవాడు. ఆ సంపదనంతయు జూదములో పోగొట్టుకొని అడవుల పాలైనవాడు. కలిమి యెట్టిదో, లేమి యెట్టిదో రెండును ఎరిగిన ఆ నోట వచ్చిన సమాధానములో బంగారము లేదు, రథము లేదు, సింహాసనము లేదు. మధ్యాహ్నము దాటి ప్రొద్దు వాలుచున్న వేళనైనను సరే, తన యింట తాను కూరాకు వండుకొని తినువాడు, ఒకరికి అప్పుపడనివాడు, పరదేశవాసము లేనివాడు, అతడే సంతోషించువాడని ధర్మరాజు చెప్పెను.

ఈ సమాధానమును నేటాలు గడ్డమీద నివసించు తెలుగువారు ఇతరులకంటె శ్రద్ధగా వినవలెను. ఏలయనగా ధర్మరాజు చెప్పిన మూడింటిలో ఒక్కటియైనను లేనివారుగా మన పూర్వులు ఈ రేవున దిగిరి. సొంత ఇల్లు లేదు; యజమాని ఇచ్చిన బారకాసులో ఒక గది. అప్పు లేకపోలేదు, ఐదేండ్ల ఒప్పందమే మెడకు చుట్టుకొన్న ఋణము. పరదేశవాసమా, అది సముద్రమంత పెద్దది. ఆ స్థితినుండి వారి సంతానము సొంత ఇంట, సొంత పొయ్యిమీద కూరాకు వండుకొను స్థితికి ఎట్లు వచ్చెను? ఇందుకు కారణములు అనేకములు. అందు ఒకటి ఇంటి లోపలిది, వంటగదిలోనిది. చరిత్ర గ్రంథములలో దానికి చోటు తక్కువ. దాని పేరు పొదుపు.

మూడు పౌండ్ల లెక్క

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన "ట్రూరో" అను ఓడ మద్రాసునుండి వచ్చి డర్బను రేవు చేరెను. అందు 342 మంది ఉండిరి. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా ఈ దేశమునకు వచ్చిరి. వారిలో అధికులు మద్రాసునుండి ఓడ యెక్కినవారు. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణము జిల్లాల పల్లెలనుండి వచ్చిన తెలుగువారు వారిలో కలరు.

ఒప్పందము ప్రకారము మగవానికి మొదటి ఏట నెలకు 10 షిల్లింగులు జీతము. ఏటికొక షిల్లింగు పెరిగి ఐదవ ఏట 14 షిల్లింగులగును. ఐదేండ్ల జీతమంతయు కూడినచో 720 షిల్లింగులు, అనగా 36 పౌండ్లు. 1961 ఫిబ్రవరి 14వ తేదీన ఈ దేశమున రాండు నాణెము వచ్చినపుడు 10 షిల్లింగులకు ఒక రాండుగా నిర్ణయించిరి. అనగా చెరకు తోటలో ఒక మనిషి నెల దినములు పడిన శ్రమకు మొదటి ఏట దక్కినది నేటి లెక్కలో ఒక్క రాండు నాణెము. నాటి ధరలు వేరు, నిజమే. అయినను ఆ నాణెమును అరచేతిలో పెట్టుకొని ఒక్క నిమిషము చూచుట మంచిది.

1895లో నేటాలు ప్రభుత్వము ఒక చట్టము చేసెను. అటుపిమ్మట వచ్చిన కూలీలలో, ఒప్పందము తీరిన పిదప స్వదేశమునకు తిరిగి పోక, మరల ఒప్పందము వ్రాయక, స్వతంత్రులై ఇచట నిలువదలచినవారు తలకు ఏటికి 3 పౌండ్ల పన్ను చెల్లింపవలెను. 1903లో ఈ పన్నును 16 ఏండ్లు నిండిన కుమారులకును, 13 ఏండ్లు నిండిన కుమార్తెలకును విస్తరించిరి. 3 పౌండ్లనగా 60 షిల్లింగులు. మొదటి ఏటి జీతముతో పోల్చినచో ఆరు నెలల కష్టము. భార్యాభర్తలిద్దరికి ఏడాది జీతమంత. ఈడు వచ్చిన కొడుకు, కూతురు ఉన్న ఇంటికి 12 పౌండ్లు, అనగా రెండేండ్ల జీతమంత!

పన్ను కట్టలేనివారు మరల ఒప్పందముపై వేలిముద్ర వేయవలసి వచ్చెను. కావున ఆనాటి ఇంటిలో మిగిలిన ప్రతి పెన్నీయు కేవలము పెన్నీ కాదు. అది స్వేచ్ఛలో ఒక తునక. ఉప్పు దుబారా చేసిన ఇల్లాలు ఉప్పును మాత్రమే పోగొట్టుకొనదు, భర్త స్వేచ్ఛలో ఒక దినమును పోగొట్టుకొనును. సారాయి అంగడిలో షిల్లింగు విడిచిన మగవాడు కుమార్తె స్వేచ్ఛనే అచట విడిచి వచ్చును. ఈ లెక్క చదువురాని వారికి కూడ తెలిసియుండెను.

ఇచట ఒక మాట న్యాయముగా చెప్పవలెను. పన్ను కట్టలేక మరల తోటకు పోయినవారు పొదుపెరుగనివారని నిందించుట పాపము. ఎంత పొదుపు చేసినను చాలనంతటి అన్యాయమైన భారము అది. దానిని తొలగించినది పొదుపు కాదు, పోరాటము. 1913లో గాంధీమహాత్ముని నాయకత్వమున గనులలో, తోటలలో వేలాది మంది పని మానిరి. 1914లో ఆ పన్ను రద్దయ్యెను. అన్యాయమును ఎదిరించుట ఒక ధర్మము. ఉన్నదానిని వ్యర్థము చేయకుండుట మరియొక ధర్మము. ఒకదానికి మరియొకటి బదులు కాదు.

పిడికెడు బియ్యము

తెలుగు గృహములలో ఒక పాత ఆచారము కలదు. ఎసరు మరుగుచుండగా ఇల్లాలు ఆ పూటకు బియ్యము కొలుచును. కొలిచిన దానినుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. ఆ పూట ఇంటిలో ఎవరికిని ఆకలి మిగులదు. కాని నెల తిరుగునప్పటికి కుండ నిండును. ఈ ఆచారమును ఓడలో తెచ్చుకొనుటకు పెట్టె అవసరము లేదు. చేయి ఉన్న చాలును.

పిడికెడు బియ్యము 50 గ్రాములనుకొనినచో ఏడాదికి 18 కిలోలగును. ఇది చిన్న లెక్కయే. కాని ఆచారములోని గొప్పతనము తూనికలో లేదు, వరుసలో ఉన్నది. తిన్న పిదప మిగిలినది దాచుట కాదు. తినుటకు ముందే తీసి పెట్టుట. ఖర్చు పెట్టిన పిదప మిగిలినచో దాచెదమనువారికి ఎన్నడును మిగులదు. జీతము చేతికి వచ్చిన నాడే కొంత ప్రక్కకు తీయువారికి ఎంత చిన్న జీతమైనను మిగులును. పిడికెడు బియ్యము నేర్పు పాఠము ఇదియే.

ఆ కుండలోని బియ్యము ఎవరిది? ఇంటివారిది మాత్రమే కాదు. వాకిటికి వచ్చిన అతిథికి, ప్రక్క గదిలో జ్వరముతో పనికి పోలేని వానికి, రామభజన నాటి ప్రసాదమునకు అందులో భాగము కలదు. తనకొరకు మాత్రమే వండుకొనువాడు పాపమునే తినుచున్నాడని భగవద్గీత మూడవ అధ్యాయము బోధించును. తైత్తిరీయోపనిషత్తునందు భృగువల్లి అన్నమును నిందింపరాదనియు, త్రోసివేయరాదనియు, దానిని అధికము చేయవలెననియు వ్రతముగా విధించును. అన్నమును పారవేయకుండుట మన శాస్త్రములో బీదవాని అవసరము కాదు. అది అందరికిని వ్రతము.

ఈ వ్రతము తోటల ఇండ్లలో ఎట్లు నడచెనో పెద్దల నోట విన్నవారు నేటికిని కలరు. పిండి సంచులు ఉతికి పిల్లలకు చొక్కాలు కుట్టిరి. పాత చీరలు మడతలు వేసి బొంతలు కుట్టిరి. బియ్యము కడిగిన నీరు కరివేప మొక్కకు పోసిరి. రాత్రి మిగిలిన అన్నము తెల్లవారి చద్దన్నమై ఉల్లిపాయతో పొలమునకు పోయెను. పెరటిలో మునగ, కరివేప, తోటకూర పెంచిరి. ఇచటి జూలూ ప్రజలు అమడుంబె అని పిలుచు దుంప మన చేమదుంపయే. దుంపను కూర వండి, ఆకునకు పిండి పూసి చుట్ట చుట్టి ఆవిరిపై ఉడికించి మరియొక వంటకము చేసిరి. ఒక్క మొక్కయందు రెండు పూటల భోజనము! ధర్మరాజు చెప్పిన కూరాకు ఇదియే.

లోభి వేరు, పొదుపరి వేరు

అదే యక్షుడు ధర్మరాజును మరియొక ప్రశ్న అడిగెను: దేనిని విడిచినచో మనుష్యుడు ధనవంతుడగును? దేనిని విడిచినచో సుఖవంతుడగును? కోరికను విడిచినచో ధనవంతుడగును, లోభమును విడిచినచో సుఖవంతుడగును అని ఆయన తెలిపెను. ఈ రెండును కలిపి చదువవలెను. కోరికను అదుపులో పెట్టినవానికి ధనము నిలుచును. అట్లు నిలిచిన ధనమును లోభముతో పట్టుకొనినచో సుఖము పోవును.

చూచుటకు లోభి, పొదుపరి ఒక్కటిగానే కనబడుదురు. ఇద్దరును దీపము ఆర్పుదురు, ఇద్దరును బేరమాడుదురు, ఇద్దరును చిరిగినది కుట్టుకొందురు. భేదము తెలియవలెనన్నచో అతిథి వచ్చిన దినమున చూడవలెను. లోభి ఇంట ఆ దినము కుండ మూత తెరువబడదు. పొదుపరి ఇంట ఆ దినము కొరకే కుండ నింపబడియుండును. లోభి ఇతరుల కడుపు కట్టి మిగుల్చును. పొదుపరి తన కోరిక కట్టి మిగుల్చును. పనిమనిషి జీతములో కోత పెట్టి, వృద్ధులైన తల్లిదండ్రుల మందులకు వెనుకాడి, అది పొదుపు అనుకొనువాడు ధర్మమునకు దూరమైనవాడు.

నేటాలు తెలుగువారు, తోడి భారతీయులు తమ పొదుపును ఎచట పెట్టిరో చూచినచో వారు లోభులు కారని తేటపడును. ఈ ప్రాంతమున భారతీయుల పిల్లలకు పాఠశాలలు చాలని కాలమున, ప్రజలు తమ చిల్లర నాణెములు కూర్చి గోడలు లేపగా ప్రభుత్వము తన వంతు చేర్చెడి పద్ధతిన ఎన్నో పాఠశాలలు వెలసెను. శ్రీనివాసశాస్త్రిగారి ప్రేరణతో భారతీయుల విరాళములపై డర్బనులో శాస్త్రి కళాశాల 1929లో తెరువబడెను. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపింపబడెను. తరువాతి తరముల పిల్లలు ఈ దేశమున అ ఆ లు దిద్దుకొనినది సభలు, దేవాలయములు నడిపిన తరగతులలో. ఆ పలకల వెనుక ఎందరో తల్లుల పిడికెడు బియ్యము ఉన్నది.

నేటి గృహము

ఇపుడు 3 పౌండ్ల పన్ను లేదు. కాని కొత్త ఒప్పందములు వచ్చినవి. వాటిపై బలవంతము లేకయే సంతకము చేయుచున్నారు. వివాహమునకు ఒక పూట మండపము, పువ్వులు, విందు కొరకు లక్ష రాండ్లు అప్పు చేసిన తండ్రి లెక్క వేసి చూడవలెను. వడ్డీ ఏటికి నూటికి 20 అనుకొనినచో ఏడాదికి 20,000 రాండ్లు. నెలకు 1,666 రాండ్లకు పైమాట. అది వడ్డీ మాత్రమే. అసలు ఒక్క సెంటైనను తగ్గలేదు. పువ్వులు మరునాటికి వాడిపోవును, అప్పు మనుమలు పుట్టువరకు పచ్చగా నుండును. అప్పు చేసి పప్పుకూడు అని పెద్దలు ఊరక అనలేదు. వధూవరులకు అగ్నిసాక్షి చాలును. అప్పులవాని సాక్ష్యము అవసరము లేదు. బంధువులలో ఒక్క సంపన్నుడు ధైర్యము చేసి దేవాలయమున నిరాడంబరముగా వివాహము జరిపినచో పదిమంది పేద తండ్రులకు దారి దొరకును. ఆ పని పేదవానివలన కాదు. పేదవాడు చేసినచో అది లేమి అందురు, ధనవంతుడు చేసినచో అది ఆచారమగును.

వంటగది సంగతి చూడుడు. ఈ దేశమున 2018 ఏప్రిలునుండి అమ్మకముపై పన్ను నూటికి 15. కాని బియ్యము, ఎండు చిక్కుళ్ళు, పప్పుదినుసులు, మొక్కజొన్న పిండి, పాలు, గుడ్లు, తాజా కూరగాయలు, పండ్లు, బ్రౌన్ బ్రెడ్డు వంటివాటిపై ఆ పన్ను లేదు. తెల్ల బ్రెడ్డుపై కలదు; పొట్లములలోని చిరుతిండ్లపై, సీసాల తీపి పానీయములపై కలదు. అవ్వలు వండిన పప్పు, కూరాకు నేటికిని పన్నులేని భోజనమే. పెరటాసి శనివారములు పాటించు గృహములకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ నెల గోవిందుని తలచుకొని మాంసము మానినపుడు సంచి బరువు మారకయే ఖర్చు తగ్గుట వారు చూచుచునే యున్నారు.

పప్పును రాత్రి నానబెట్టినచో ఉడుకు కాలము తగ్గును. బియ్యము, కందిపప్పు బాగుగా మరిగిన పిదప గిన్నెకు గట్టిగా మూత పెట్టి మందపు బొంతలో చుట్టి ఉంచినచో మిగిలిన ఉడుకు ఆ వేడిమితోనే తీరును. నీటిని కాచు గీజరు ఇంటి విద్యుత్తులో పెద్ద భాగము తినును. దాని వేడిమిని 60 డిగ్రీల వద్ద నిలిపి, తొట్టి చుట్టును దుప్పటివంటి కప్పు వేసినచో నెల తుదకు తేడా తెలియును. డర్బను ఎండ ఉచితము. బట్టలు ఆరవేయుటకు అంతకు మించిన యంత్రము లేదు. 1960లలో చాట్స్‌వర్తునకు, 1970లలో ఫీనిక్సునకు తరలింపబడిన కుటుంబములు పెద్ద పెరడులు కోల్పోయెను. అయినను చిన్న చోటనే కరివేప, మునగ నాటుకొనెను. చోటు లేదనువారికి పాత బాల్చీ ఒకటి చాలును.

ఇంటికొక లెక్కల పుస్తకము ఉండవలెను. పిల్లలు విడిచిన నోటు పుస్తకములోని తెల్ల కాగితములు చాలును. రాత్రి దీపము వద్ద భార్యాభర్తలు కూర్చుండి ఆ దినపు ఖర్చు వ్రాసుకొనుట పూజకు తక్కువైన పని కాదు. ఒకరు దాచి మరియొకరు వెచ్చించు ఇంట పొదుపు నిలువదు. పొరుగువారినుండియు నేర్చుకొనవలెను. జూలూ స్త్రీలు స్టోక్‌వెల్ అను సంఘములుగా చేరి నెలనెల కొంత ధనము వేసి, ఏడాది తుదకు ఇంటి సరుకులు టోకుగా కొని పంచుకొనుట ఈ ప్రాంతమంతట కనబడును. మంచి ఎచట ఉన్నను గ్రహించుట హిందూ ధర్మము.

నిలువ యుంచుట యొక్క విలువ 2021 జూలైలో అందరికిని తెలిసెను. అల్లర్లలో అంగళ్ళు దోపిడికి గురియై, మిగిలినవి మూతపడి, డర్బను పరిసరములలో రొట్టెకు, పాలకు ప్రజలు బారులు తీరిరి. చేతిలో ధనమున్నను కొనుటకు సరుకు లేదు. అట్టి దినమున ఎవరి ఇంట కుండ నిండియున్నదో వారి ముందు ఒక ప్రశ్న నిలుచును: ఇది మాకు ఎన్నాళ్ళు వచ్చును అనునదా, లేక ఇది ఎందరికి సరిపోవును అనునదా? పొదుపునకు పరీక్ష అదియే.

నకులుని ప్రాణము

కొలను గట్టునకు మరల వెళ్ళుదము. సమాధానములకు సంతోషించిన యక్షుడు నలుగురు తమ్ములలో ఒక్కరిని మాత్రము బ్రతికింతునని, ఎవరు కావలెనో కోరుకొమ్మని చెప్పెను. ముందు యుద్ధమున్నది, అర్జునుడు లేక, భీముడు లేక రాజ్యము రాదు. అయినను ధర్మరాజు నకులుని కోరెను. కుంతి కుమారులలో తాను మిగిలియున్నాడు, మాద్రి కుమారులలో కూడ ఒకడు మిగులవలెను అని ఆయన కారణము చెప్పెను. ఆ న్యాయబుద్ధికి మెచ్చి యక్షుడు, అనగా మారురూపమున నున్న యమధర్మరాజు, నలుగురిని బ్రతికించెను.

సంతోషమునకు ఇంటి కూరాకు చాలునని చెప్పిన ఆయనయే, ప్రాణములు పంచవలసిన చోట సవతితల్లిని మరువలేదు. ఈ రెండు మాటలు ఒక్క హృదయమునుండియే వచ్చినవి. తనకు ఎంత చాలునో తెలిసినవానికే ఇతరులకు ఎంత కావలెనో కనబడును. తనకు ఎన్నటికిని చాలనివాడు ఎవరికిని ఏమియు ఈయజాలడు.

మన పూర్వులకు మూడింటిలో ఒక్కటియు లేకుండెను. అప్పును పొదుపుతో తీర్చుకొనిరి. కూరాకును పెరటిలో పెంచుకొనిరి. పరదేశవాసమును మాత్రము తీర్చుకొనలేకపోయిరి. కావున ఈ పరదేశమునే స్వదేశముగా చేసి పిల్లల చేతిలో పెట్టి వెళ్ళిరి. ఆ మూడింటిని నేటి గృహస్థుడు పుట్టుకతోనే పొందుచున్నాడు. వానిని వడ్డీవానికి తిరిగి అప్పగింపకుండుట అతని ధర్మము. రేపు ఎసరు పెట్టు వేళ ప్రతి ఇంట ఒక పిడికెడు బియ్యము వేరు కుండలో పడుగాక! ఆ కుండ నిండిన నాడు దాని మూత ఆకలిగొన్న వాని ముందు తెరువబడుగాక! అప్పులేని ఇంట, దానమున్న ఇంట, శ్రీమహాలక్ష్మి పిలువకయే వచ్చి నిలుచును.

శుభమస్తు.